కొసరుగా పోయిన లాంతరు

మురుకుల పొట్లం కొన్నవాళ్ళు ముందు ధర చూస్తారు, తర్వాత చింపుతారు. వెనకవైపు రాసింది చదివే తీరిక నాలాంటి రిటైరైనవాళ్ళకే ఉంటుంది. పోయిన నెల మా ఫ్యాక్టరీ నుంచి ఇంటికి పండగ పెట్టె ఒకటి వచ్చింది. అందులో ఇక్కడ అమ్మే పొట్లం, మలేషియాకు పంపే పొట్లం, దుబాయికి పంపే పొట్లం మూడూ పెట్టారు. మూడింట్లోనూ ఉన్నవి ఒకే మూకుట్లో వేగిన చేతి మురుకులు. పేర్లు మాత్రం మూడు. ఎందుకలా అని ఎవరికైనా అనుమానం వస్తుందని కాబోలు, అరచేయి బొమ్మ ఉన్న మలేషియా పొట్లం వెనక ఇలా అచ్చు వేశారు: "ప్రతి దేశపు సంస్కృతినీ లోతుగా అధ్యయనం చేసి మా ఉత్పత్తులకు పేరు పెడతాము. ఈ అరచేయి తరతరాల మాతృమూర్తుల శ్రమకు ప్రతీక."

తాగుతున్న కాఫీ ముక్కులోకి ఎక్కింది. నవ్వీ నవ్వీ కడుపు పట్టుకుని కూర్చున్నాను.

మార్కెటింగ్ చదివి కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలారా, ఈ నాలుగు ముక్కలూ మీకోసం రాస్తున్నాను. ఆ అరచేయి ఏ మాతృమూర్తిదీ కాదు. తిరుత్తణి కొండ మెట్ల దగ్గర జోస్యం చెప్పే ఒకాయన బోర్డు కోసం గీయించుకున్న బొమ్మ అది. దాన్ని మురుకుల మీదికి తెచ్చిన మహా అధ్యయనం నాదే. నేను చదివింది ఎనిమిదో తరగతి.

మాది కడంబత్తూరు. పెళ్ళయిన కొత్తలో తిరుత్తణి రైలెక్కి ఆ ఫ్యాక్టరీకి పనికి వెళ్ళడం మొదలుపెట్టాను. పిండి జల్లించే దగ్గర చేరి, చేతి మురుకుల సెక్షన్‌కూ ప్యాకింగుకూ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. మధ్యలో నోటి దురుసుతనానికి రెండుసార్లు పని పోయింది, రెండుసార్లూ వాళ్ళే పిలిచారు.

ఫ్యాక్టరీ పెట్టిన ముసలాయనను నేను చూడలేదు. తెల్లవారకముందే కొండెక్కే భక్తుల కోసం మెట్ల కింద బుట్ట పెట్టుకుని, పక్కన లాంతరు వెలిగించుకుని మురుకులు అమ్మేవాడట. లాంతరు కనబడితే జనం అటు నడిచేవాళ్ళు. "లాంతరు మురుకులు" అన్న పేరు ఆయన పెట్టుకున్నది కాదు, కొన్నవాళ్ళు పెట్టింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దాయనను మేమంతా అరవంలో యజమాని అన్నట్టు ముదలాళి అనేవాళ్ళం, చిన్నాయనను చిన్న ముదలాళి. తండ్రి పోయాక ఇద్దరికీ పడలేదు. గొడవ ఎక్కడ మొదలైందో వాళ్ళకే గుర్తులేదు. ఆఫీసు గదిలో ఉన్న ఒక్క ఫ్యాను ఎవరి తల మీద తిరగాలన్న దగ్గర మొదలైందని ఆఫీసు ఊడ్చే ఆమె చెప్పేది. ఆమె మాటే నేను నమ్ముతాను. పెద్ద పెద్ద ఇళ్ళు విడిపోయేది ఇలాంటివాటికే.

భాగాలు పంచడానికి నగరి పక్కనుంచి వాళ్ళ మేనమామ వచ్చాడు. ఆయన పొలాలు పంచినవాడు, బావిలో నీళ్ళ వంతులు పంచినవాడు, ఒకసారి ఒక ఎద్దును కూడా రోజు మార్చి రోజు పంచినవాడు. వ్యాపారం పేరును ఎలా పంచాలో మాత్రం ఆయనకు తెలీదు. తెలీదని ఒప్పుకునే రకమూ కాదు. పొలం లెక్కే పెట్టాడు. అన్న భాగాలు వేయాలి, తమ్ముడు ముందు ఎంచుకోవాలి. అది వాళ్ళ పక్క పద్ధతి. భాగాలు వేసినవాడు మోసం చేస్తే తానే మునుగుతాడు కదా.

ఆ పొద్దు నేను టీలూ మురుకుల పళ్ళెమూ పట్టుకుని పైకి వెళ్ళాను. పళ్ళెం ఎవరూ అందుకోకపోతే అలాగే నిలబడిపోయాను. ఫ్యాక్టరీ, లాంతరు పేరు ఒక భాగం. మామిడి తోట, తిరువళ్ళూరులో అంగళ్ళున్న బిల్డింగు రెండో భాగం. చిన్నాయన తోట భాగమే కోరుకున్నాడు. కోరుకుని, ముఖం వేలాడేసుకున్నాడు.

"ఏం రా, ఇంగేం కావాల?" అన్నాడు మేనమామ.

"నా భాగం తేలిగ్గా ఉండాది మామా."

మేనమామ పెద్దాయన వైపు తిరిగాడు. "ఏమప్పా, తూకం పెట్టినాక కొసరు లేకుండా ఎట్ల? వంకాయలు అమ్మే ఆయమ్మ గూడా రెండు ఎక్కువేస్తాది. తమ్మునికి ఏదన్నా ఎయ్యి."

ముదలాళి గది చుట్టూ చూశాడు. ఇవ్వదగ్గది ఏదీ కనబడలేదు. ఫ్యాను వైపు ఒకసారి చూశాడు గానీ అది ఇవ్వడానికి మనసొప్పలేదు. "సరే మామా, దేశం బయట లాంతరు పేరు వానికే రాసేయండి. సముద్రం అవతల మనుషులకు అమ్ముకుంటాడో, చేపలకు అమ్ముకుంటాడో వానిష్టం" అన్నాడు.

అందరూ నవ్వారు. చిన్నాయన కూడా నవ్వాడు. నేనూ నవ్వాను, పళ్ళెం జారబోయింది. అప్పటికి మా మురుకులు అరక్కోణం జంక్షన్ దాటి ఎరగవు. వకీలు నవ్వుకుంటూనే ఆ మాటా పత్రంలో రాశాడు. పత్రం రాసి మరీ కొసరు ఎవరైనా వేస్తారా? మా వాళ్ళు వేశారు.

చిన్నాయన తోట చూసుకుంటాడనుకున్నాం. ఆయన తోట కౌలుకిచ్చి, భార్య తరఫు చుట్టాలున్న మలేషియా వెళ్ళాడు. అక్కడ లాంతరు పేరు రిజిస్టర్ చేయించి, మెషీను పెట్టి మురుకులు వేశాడు. అక్కడి చీనావాళ్ళు పండగలకు ఇళ్ళ ముందు లాంతర్లు కడతారట. పేరు అక్కడే పుట్టినంత బాగా అతుక్కుంది. మన తమిళులకు అది ఊరి మురుకు, చీనావాళ్ళకు పండగ మురుకు. ఆ వార్త తెలిసిన రోజు ముదలాళి మధ్యాహ్నం అన్నం తినలేదు. తన చేత్తో తానే వేసిన కొసరు ఆయనను జీవితమంతా కొరికింది. తమ్ముడు ఏటా ఆడికృత్తిక పండగకు కొండ మీద సామికి కావడి ఎత్తడానికి వచ్చేవాడు. అన్న మెట్ల దారిన ఎక్కితే తమ్ముడు కార్ల దారిన ఎక్కేవాడు. సామి ఒక్కడే ఇద్దరినీ చూసేవాడు.

ఇప్పుడు నా సెక్షన్ సంగతి. చేతి మురుకు అంటే పిండిని రెండు వేళ్ళ మధ్య మెలి తిప్పుతూ, గుడ్డ మీద చుట్టు పక్కన చుట్టు వేసుకుంటూ పోవాలి. మెలిక విడిపోకూడదు, చుట్టు తెగకూడదు. మాలో అందరికంటే పెద్దామెను అత్తా అని పిలిచేవాళ్ళం. ఆమెది ఎడమ చేయి వాటం. అందరి మురుకులూ ఒక పక్కకు తిరిగితే ఆమెవి రెండో పక్కకు తిరిగేవి. మేము పది వేసేలోగా మెషీను బుట్టెడు వేస్తుంది. అందుకని ఒక ఏడాది ముదలాళి కబురు చెప్పాడు, దీపావళితో చేతి సెక్షన్ మూసేస్తామని.

అత్త ఆ రోజు గుడ్డ దులుపుతూ నాతో అంది. "ఈ చేతి ఏళ్ళు ఇంగ ఏం పని చేస్తాయి మా? పిండి లేకున్నా నిద్దట్లో తిరగతానే ఉంటాయి."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం వస్తుంది. ఆ కోపంలో ఎవరిని తిట్టాలో తెలీక మెషీనును తిట్టాను.

అంతలో దేవుడు పంపినట్టు ఒక మలేషియా హోల్‌సేల్ వ్యాపారి మొక్కు తీర్చుకోవడానికి కొండకు వచ్చాడు. మెట్ల దగ్గర అంగడిలో మా చేతి మురుకు తిని, ఆటో పట్టుకుని నేరుగా ఫ్యాక్టరీకి వచ్చేశాడు. మెషీనుది కాదు, ఇదే కావాలి, ఒక కంటైనరు పంపండి అన్నాడు. ముదలాళి నన్ను పిలిచి, "ఈ సరుకు బాగా పోయి మళ్ళా ఆర్డర్ వస్తే నీ సెక్షన్ ఉంటాది. లేకుంటే దీపావళితో సరి" అన్నాడు. మేము పగలూ సాయంత్రమూ చుట్టాం. అత్త వేళ్ళకు నూనె రాసుకుని మరీ చుట్టింది.

ముదలాళి తెలిసి కూడా పంతానికి లాంతరు కవర్లే ముద్రించి సిద్ధం చేశాక హోల్‌సేలాయన ఫోన్ చేశాడు. ఇక్కడ లాంతరు పేరు మీ తమ్ముడిది, ఆ పేరుతో వస్తే సరుకు రేవులోనే ఆగిపోతుంది, వేరే పేరుతో పంపండి అన్నాడు. న్యాయమైన మాట. ముదలాళికి న్యాయం రుచించలేదు.

"మా నాయన వేసిన మురుకులకు ఇంకొక పేరా? ఆపితే ఆపనీ" అని కూర్చున్నాడు.

ఆపితే ఆయనకు పోయేది పంతం. మాకు పోయేది పని. మేనేజరు పాపం పేర్లు రాసుకుని వచ్చాడు. మొదటిది గోల్డెన్ ట్విస్ట్. "అది తినేదా, ఆడేదా?" అన్నాడు ముదలాళి. రెండోది సామి పేరు. "కవరు చించి కాళ్ళ కింద పారేస్తారు. పాపం నీకా, నాకా?" మూడోది ముదలాళి పేరే. ఆయన ఒక్క క్షణం మెత్తబడ్డాడు, కానీ తమ్ముడు చూసి నవ్వుతాడని గుర్తొచ్చి అదీ వద్దన్నాడు. లారీ మరునాడు రావాలి. మురుకులు డబ్బాల్లో ఉన్నాయి, వాటికి పేరు లేదు.

నేను చెప్పాపెట్టకుండా మెట్ల దగ్గరున్న స్టిక్కర్ల అంగడికి వెళ్ళాను. సాదా కవర్ల మీద అంటించడానికి ఏదో ఒకటి కావాలి. కొత్తది గీసి వేయాలంటే వారం పడుతుందన్నాడు అంగడాయన.

"తయారుగా ఏముండాయి?" అన్నాను.

"జోస్యం ఆయప్ప అరచెయ్యి బొమ్మ వెయ్యమన్న్యాడక్కా. బోర్డుకు, చీటీలకు అని చానా వేయించినాడు. తీసుకోను రానేలేదు. జోస్యం చెప్పేవానికి నా దగ్గరికి ఎప్పుడొస్తాడో తెలీదు సూడు."

ఒక రంగులో, గీతలన్నీ ఉన్న అరచేయి. కింద అరవంలో "చేయి చూడబడును" అని ఒక వరుస ఉంది. చేతి మురుకుల మీద చేయి బొమ్మ, ఇంకేం కావాలి? కింది వరుస కత్తిరించమన్నాను. చట్టం అడిగే చిన్న అక్షరాలన్నీ వెనక వేరేగా అంటించాం. మన దేశంలో ఈ బొమ్మ ఎందుకు వాడలేదని అడగకండి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా పొట్లాలు మంచం కింద దాచుకోవాల్సి వచ్చేది.

మరునాడు సగం ప్యాకింగు అయ్యాక ముదలాళి హాల్లోకి వచ్చాడు. ఒక పొట్లం తీసి అటూ ఇటూ తిప్పాడు. చుడుతున్న చేతులన్నీ ఆగిపోయాయి.

"ఇదేంది? పేరు యాడ?"

"పేరు లేదయ్యా."

"పేరు లేకుండా సరుకు పంపిస్తావా? ఇదేమన్నా దిక్కులేని బిడ్డనా?"

అప్పుడైనా నేను ఊరుకోవాల్సింది. నా నోరు ఎప్పుడూ ఊరుకోదు, అదే నా దరిద్రం. "పుట్టకముందే ఎవురన్నా పేరు పెడతారా అయ్యా? మీ ఇండ్లల్లో గూడా పుట్టి పది దినాలైనాకనే గదా. ముందు బిడ్డను ఓడ దిగనీండి. బారసాల ఆ ఊళ్ళోవాళ్ళు చేసుకుంటారు."

 అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముదలాళి బొమ్మ వైపు చూశాడు. తర్వాత ఎందుకో తన అరచేయి విప్పి దాని పక్కన పెట్టి చూసుకున్నాడు.

"దీంట్లో ధనరేఖ ఉండాదా?" అన్నాడు.

"జోస్యం ఆయప్పను అడిగి చెప్తానయ్యా."

"అడుగు" అని పొట్లం డబ్బాలో వేసి వెళ్ళిపోయాడు. లారీ ఎక్కించమనీ అనలేదు, ఆపమనీ అనలేదు. మేము ఎక్కించేశాం.

తర్వాత రోజులు ఎలా గడిచాయో నాకు తెలుసు, నా మొగుడికి తెలుసు. ఇంట్లో ప్రతి చిన్నదానికీ ఆయన మీద పడ్డాను. ఒకరోజు మేనేజరు పరుగెత్తుకుంటూ హాల్లోకి వచ్చాడు. ఆయన పరుగెత్తగా నేను చూడటం అదే మొదటిసారి. సరుకు అయిపోయిందట, మళ్ళీ పంపమన్నారట. అంగళ్ళలో జనం "ఆ చెయ్యి మురుకులు" అని అడుగుతున్నారట. బారసాల అయిపోయింది. ముసలాయన మురుకులకు లాంతరు పేరు కొన్నవాళ్ళే పెట్టినట్టు, వీటికీ వాళ్ళే పెట్టుకున్నారు. ఆ దీపావళికి సెక్షన్ మూయలేదు.

కొన్నాళ్ళకు నాకొక ఫోన్ వచ్చింది. చిన్నాయన.

"అక్కా, ఈడ అంగట్లో ఒక పొట్లం కొన్న్యాను. కొన్ని మురుకులు ఎడం పక్కకు తిరిగినాయి. అత్త బాగుండాదా?"

"బాగుండాదయ్యా. మా మీద కేసు వేస్తారా?"

"దేనికి? లాంతరు లేదు గదా దాంట్లో. అయినా చెయ్యి యాడ పట్టినావు నువ్వు?" చెప్పాను. చాలాసేపు నవ్వాడు. "నేను ఫోన్ చేసినానని అన్నకు చెప్పొద్దక్కా" అని పెట్టేశాడు. చెప్పలేదు. తమ్ముడు ఏమంటున్నాడో తెలిసిందా అని ముదలాళి కూడా నన్ను రెండుసార్లు మాట చుట్టూ తిప్పి అడిగాడు. అదీ తమ్ముడికి చెప్పలేదు. నా నోటికీ అప్పుడప్పుడు తాళం పడుతుంది.

దుబాయి పేరు సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. అక్కడ కొనే సేటు తన అంగడి పేరే వేయమన్నాడు. వేశాం. లోతైన అధ్యయనం అంతే.

ఏళ్ళు గడిచాయి. మేనేజరుకు మాత్రం ఒక ఆశ ఉండేది. ఎప్పటికైనా లాంతరు పేరు బయటి దేశాల్లో మన చేతికి వస్తే, మెషీను సరుకే ఓడ నిండా పంపొచ్చు, ఈ చుట్టుడు సెక్షన్ ఎత్తేయొచ్చు అని నా ముందే అనేవాడు. అందుకని ముదలాళి కూతురి పెళ్ళికి చిన్నాయన వస్తున్నాడని తెలిసినప్పుడు అందరూ సంతోషించారు, నాకు మాత్రం లోపల ఏదో గుబులు.

పెళ్ళి తిరువళ్ళూరు మండపంలో. చదివింపులను మా పక్క మొయ్యి అంటారు. ఒకాయన మైకు పెట్టుకుని ఎవరెవరు ఏమిచ్చారో గట్టిగా చదువుతుంటాడు. చిన్నాయన వంతు వచ్చింది. చేతిలో కవరు లేదు. మైకాయన చెవిలో ఏదో చెప్పాడు. ఆయన రెండుసార్లు అడిగి మరీ మైకులో చదివాడు. "పెళ్ళికూతురి చిన్నాయన... దేశం బయట లాంతరు పేరు."

మండపం మొత్తం అటు తిరిగింది. నా పక్కన కూర్చున్న అత్త నా మోచెయ్యి పట్టుకుంది. ఆమెకు అప్పటికి చూపు సరిగ్గా లేదు, పట్టు మాత్రం అలాగే ఉంది. మేనేజరు ముఖం వెలిగిపోయింది. ఇంక మా పని అయిపోయిందనుకున్నాను. ఆ క్షణంలో చిన్నాయన మంచితనం మీద నాకు వచ్చినంత కోపం, ఎవరి చెడ్డతనం మీదా రాలేదు.

ముదలాళి పంచె సర్దుకుంటూ మైకు దగ్గరికి నడిచాడు. తమ్ముడితో అన్ని ఏళ్ళ తర్వాత ఆయన ఆడిన మొదటి మాట మండపమంతా వినబడింది.

"అది ఆ పొద్దు మామ ఏయించిన కొసరు. కొసరు ఎనక్కి తీసుకునే యాపారి యాడన్నా ఉండాడా? నువ్వే పెట్టుకో. ఆ ఊళ్ళో జనం మమ్మల్ని చెయ్యి అంటారు. మాకు అది చాలు."

తర్వాత గొంతు తగ్గించి, "ఆకు ఏసినారు, రా" అన్నాడు. అదీ మైకులో వినబడింది.

పంక్తిలో తమ్ముడి ఆకు ముందు అన్నే నిలబడి వడ్డించాడు. మా చేతి మురుకుల పళ్ళెం తెచ్చి, ఎడమకు తిరిగింది ఒకటి ఏరి ఆకులో వేశాడు. రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకొకటి వేశాడు. చిన్నాయన తల ఎత్తలేదు. ఆయన ఆకులోని పప్పు ఎందుకంత పల్చబడిందో నాకు తెలుసు. నాదీ అలాగే అయింది.

ఇదీ ఈ పేర్ల కథ. ఇక్కడ లాంతరు ముదలాళిది, అక్కడ లాంతరు తమ్ముడిది, మా చెయ్యి మధ్యలో జోస్యం ఆయనది. ఆ జోస్యం ఆయన మాత్రం తన స్టిక్కర్లు ఏమయ్యాయని ఇప్పటికీ అడగలేదు. అత్త పోయింది. ఆమె కోడలిది కుడి చేయి వాటమే, అయినా అత్త దగ్గర నేర్చుకున్నందుకు ఎడమకే చుడుతుంది.

కాబట్టి పిల్లలారా, పొట్లం వెనక మాతృమూర్తులనీ అధ్యయనమనీ మీకు తోచింది రాసుకోండి, నాకు అభ్యంతరం లేదు. ఒక్కటే మనవి. పాత బొమ్మ బాగాలేదు, గీతలు తీసేసి నున్నగా చేద్దామని మీలో ఎవరో అంటున్నారట. ఆ పని చేయకండి. మొన్న తిరుత్తణి వెళ్ళినప్పుడు ఆ జోస్యం ఆయన దగ్గర కూర్చుని పొట్లం చూపించాను, తన బొమ్మేనని పోల్చుకోలేదు. ధనరేఖ గురించి అడిగితే పెదవి విరిచాడు. బొటనవేలి చుట్టూ తిరిగే గీత మీద వేలు పెట్టి, "ఇది ఆయుస్సు రేఖమ్మా, చానా పొడుగుండాది. ఎవురిది ఈ చెయ్యి?" అన్నాడు.

మా సెక్షన్‌ది అన్నాను.